వేడిలో ఏళ్ల తరబడి ఉన్న ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఫర్నేసులు, ఓవెన్లు, పొగగొట్టాలు కట్టేవాళ్లు, వాటిని కొని వాడుకునేవాళ్లు విరిగిన ముక్క చేత్తో పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ముక్క మారుతుంది గానీ మాట మారదు: "స్టెయిన్‌లెస్ కదా సార్, వేడికి ఆగుతుందన్నారు కదా, మరి అప్పడంలా ఎందుకు విరిగింది?" ఫోన్లో చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబులనే ఇక్కడ రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ పని ఏ దశలో ఉందో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. డిగ్రీలన్నీ సెల్సియస్. ఇంకో మాట: నేను చెప్పే వేడి లోహానిది, లోపలి గాలిది కాదు. ప్యానెల్ మీటర్‌లో కనబడే అంకె చాలాసార్లు గాలిదే.

## కొనే ముందు

అయస్కాంతం అంటుకుంటోంది. నాకు డూప్లికేట్ స్టీలు అంటగట్టారా?

అలా అనుకోనక్కర్లేదు. ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్‌కి అయస్కాంతం అంటుకోవడం దాని స్వభావం. మామూలు ఇనుములో అణువుల పేర్పు ఎలా ఉంటుందో ఇందులోనూ అంతే. తేడా అల్లా కనీసం 10.5 శాతం క్రోమియం కలవడం. ఆ క్రోమియం పైన కంటికి కనబడని ఆక్సైడ్ పొర కడుతుంది, తుప్పు ఆగేది దానివల్లే. 304 అనే గ్రేడు ఫెర్రిటిక్ కాదు, అందులో అదనంగా 8 శాతానికి పైగా నికెల్ ఉంటుంది. ఆ నికెల్ అణువుల పేర్పునే మార్చేస్తుంది కాబట్టి అయస్కాంతం అంటదు.

రాణీగంజ్‌లో షీటు బేరం చేస్తూ జేబులోంచి అయస్కాంతం తీసేవాళ్లు చాలామంది. దానితో వచ్చే చిక్కు ఏమిటంటే, నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన 200 సిరీస్ షీటుకి కూడా అయస్కాంతం అంటదు. అంటుకోనిదల్లా 304 కాదు, అంటుకున్నదల్లా నకిలీ కాదు.

ఇన్నాళ్లూ 304 వాడాం. రేటు చూసి 430కి మారదామనుకుంటున్నాం. వేడికి తట్టుకుంటుందా?

430 ఫెర్రిటిక్ గ్రేడు, కొన్ని పనులకి నిజంగానే మేలు. నికెల్ లేదు కాబట్టి చవక, పైగా నికెల్ ధర ఎగిరినప్పుడల్లా మీ కొటేషన్ మార్చుకునే టెన్షన్ ఉండదు. వేడిని 304 కంటే త్వరగా పాకనిస్తుంది. వేడికి సాగడం కూడా తక్కువ: మీటరు పొడవున్న పట్టీని 700 డిగ్రీలు వేడెక్కిస్తే 430 సుమారు 8 మి.మీ. సాగుతుంది, 304 అయితే 13 మి.మీ. దాకా వెళ్తుంది. రోజూ వెలిగించి ఆపే ఓవెన్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. 304 మీద కట్టిన నల్ల పొర, కింది లోహం చల్లారి ముడుచుకున్నప్పుడల్లా చిట్లి రాలుతుంది. 430 మీద పొర అంత తేలిగ్గా రాలదు.

బరువు మోయాలంటే మాత్రం 430ని నమ్మకండి. 600 దాటాక దాని బలం బాగా పడిపోతుంది. 304 అదే వేడిలో ఇంకా గట్టిగా నిలబడుతుంది. లైనింగ్‌కి, బాఫిల్‌కి (మంటకి అడ్డు పెట్టే ప్లేటు), హుడ్‌కి 430 సరే. సామాను మోసే గ్రిల్‌కి, వేలాడదీసే హుక్‌కి వద్దు.

కేటలాగ్‌లో 430కి 815 డిగ్రీల వరకు అని ఉంది. మాది 475 మాత్రమే. అంటే ఇంకా సేఫ్ కదా?

అందరూ జారేది ఇక్కడే. కేటలాగ్‌లో ఆ 815 అంకె చెప్పేది ఒక్క విషయమే: ఆ వేడి వరకు గాలిలో పొర పొరగా కాలిపోకుండా ఉంటుంది. లోహం లోపల ఏమవుతుందో ఆ అంకె చెప్పదు.

ఫెర్రిటిక్ స్టీలుకి సుమారు 400 నుంచి 550 మధ్య ఒక చెడ్డ పట్టీ ఉంది, దాని నడిబొడ్డున 475. అక్కడ వందల, వేల గంటలు నిలబడితే లోహం పెళుసెక్కుతుంది. అదే స్టీలు 700 దగ్గర ఉంటే ఆ జబ్బు రాదు. కాబట్టి "తక్కువ వేడి కాబట్టి ఎక్కువ భద్రం" అన్న మామూలు లెక్క ఇక్కడ చెల్లదు. ఎంత వేడి అని అడిగి ఊరుకోకండి, ఏ వేడి దగ్గర ఎన్ని గంటలు కూర్చుంటుంది అని అడగండి. అమెరికన్ పుస్తకాల్లో ఇదే 885 డిగ్రీల ఫారన్‌హీట్ పెళుసుతనం అని కనబడుతుంది, అది చూసి రెండు వేరే జబ్బులనుకోకండి.

409, 430, 441, 446. అన్నా, ఇన్ని ఉన్నాయి, నేను ఏది తీసుకోవాలి?

క్రోమియం శాతం చూసుకుంటే సగం గందరగోళం పోతుంది. 409లో 11 శాతం చుట్టూ ఉంటుంది. పెళుసెక్కే బెడద దాదాపు లేదు, కానీ నిరంతరం 700 దాటిన వేడిలో పొర ఆగదు. 430లో 16 నుంచి 18 శాతం, 815 దాకా పొర నిలుస్తుంది, 475 దగ్గర నెమ్మదిగా పెళుసెక్కుతుంది. 441లో 18 శాతం దగ్గరగా క్రోమియం, కొంచెం టైటానియం, నయోబియం ఉంటాయి. ఆ నయోబియం వల్ల ఎక్కువ వేడిలో 430 కంటే బలంగా ఉంటుంది, వెల్డింగ్ కూడా తేలిక. 446లో 23 నుంచి 27 శాతం. 1095 దాకా నిరంతరంగా వాడొచ్చు, కానీ మధ్య వేడిలో అందరికంటే త్వరగా పెళుసెక్కేది కూడా ఇదే.

క్రోమియం పెరిగేకొద్దీ పైన రక్షణ పెరుగుతుంది, లోపల బెడదా పెరుగుతుంది. "అన్నిటికంటే పెద్ద గ్రేడు ఇవ్వు భయ్యా" అని అడిగి 446 తెచ్చి 500 డిగ్రీల దగ్గర వాడితే డబ్బు పోసి జబ్బు కొనుక్కున్నట్టే.

మాది బేకరీ. ఓవెన్ 220 దాటదు. ఈ భయాలు మాకెందుకు?

ట్రేలకి, లోపలి గోడలకి అక్కర్లేదు. ఉస్మానియా బిస్కెట్ కాలే వేడిలో 430 మీ మనవల దాకా ఉంటుంది. చూసుకోవాల్సింది బర్నర్ పక్కన ఉండే రేకుని, మంటకి అడ్డు పెట్టిన ప్లేటుని, పొగగొట్టం మొదటి మీటరుని. ఓవెన్ గాలి 220 ఉన్నా ఆ రేకు 500 దాకా వెళ్లడం మామూలే. ఒక్కసారి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తాకించి కొలిపించండి.

షాపులో "హై టెంపరేచర్ స్టీలు" అంటున్నారు. ఏం అడగాలి?

గ్రేడు నంబరు, మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్, ప్లేటు మీద ఉన్న హీట్ నంబరు (ఏ పోతలో కరిగించిందో చెప్పే అంకె) సర్టిఫికెట్‌లోని దానితో కలవడం. ఈ మూడూ లేకుండా "హై టెంపరేచర్" అన్న మాటకి విలువ లేదు.

## లోపల ఏం జరుగుతుంది

475 డిగ్రీల దగ్గర అంత ప్రత్యేకంగా ఏమవుతుంది? కరగదు, కాలదు కదా?

ఇనుము, క్రోమియం ఎక్కువ వేడిలో చక్కగా కలిసి ఉంటాయి. వేడి 500 చుట్టుపక్కలకి దిగేసరికి వాటికి పొత్తు కుదరదు. క్రోమియం అణువులు ఒక చోట, ఇనుము అణువులు ఒక చోట చేరడం మొదలుపెడతాయి. ఆ వేడిలో అణువులు దూరం నడవలేవు, అందుకే ఈ గుంపులు నానోమీటర్ల సైజులోనే ఉండిపోతాయి. క్రోమియం గుంపుని ఆల్ఫా ప్రైమ్ అంటారు. 1953లో ఫిషర్, డ్యూలిస్, కారల్ అనే ముగ్గురు దీన్ని వేరుచేసి చూపించారు.

కంటికి ఏ మార్పూ ఉండదు. కానీ లోహం వంగాలంటే దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారాలి. ప్రతి అడుగుకీ ఈ గుంపులు అడ్డు. జారలేని లోహం గట్టిపడుతుంది, కొద్దిపాటి దెబ్బకే పగుళ్లిస్తుంది. క్రోమియం ఒకచోట చేరడం వల్ల మిగతా చోట తరుగు పడి, తుప్పుని ఆపే శక్తి కూడా తగ్గుతుంది.

ఎన్ని గంటల్లో పెళుసెక్కుతుంది? ఒక అంకె చెప్పండి.

ఒకే అంకె ఉండదు. 11 శాతం క్రోమియం ఉన్న 409కి మామూలు వాడకంలో రాదనే చెప్పొచ్చు. 430కి వందల నుంచి వేల గంటలు పడుతుంది. 25 శాతం చుట్టూ ఉన్న 446కి 475 దగ్గర కొన్ని గంటల నుంచే దెబ్బ తట్టుకునే శక్తి పడిపోవడం మొదలవుతుంది. 475కి దూరంగా, 400 వైపు జరిగేకొద్దీ బాగా నెమ్మదిస్తుంది.

మీ లెక్క మీరే వేసుకోండి: రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు అంటే నెలకి 200 గంటలు, ఏడాదికి 2,400. రాత్రి ఆపేసినంత మాత్రాన జమ అయిన నష్టం చెరిగిపోదు, మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ అదే భాగం రోజూ కాసేపు 600 దాటి వెళ్తుంటే గుంపులు మళ్లీ కరిగి, లెక్క మొదటికి వస్తుంది. అందుకే కొన్ని ఓవెన్లలో అత్యంత వేడి చోట ఉన్న రేకు బాగుండి, పక్కనున్నది పగులుతుంది.

సిగ్మా ఫేజ్ అంటారే, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. సిగ్మా అంటే ఇనుము, క్రోమియం కొత్త రకం పేర్పులో చేరి కట్టే గట్టి, పెళుసు పదార్థం. 1927లో బెయిన్, గ్రిఫిత్స్ దీన్ని మొదట గుర్తించారు. ఇది వచ్చేది ఇంకా పై వేడిలో, ఎక్కువగా 600 నుంచి 850 మధ్య. క్రోమియం 20 శాతం దాటిన గ్రేడులకే ఎక్కువ బెడద. మాలిబ్డినం, సిలికాన్ ఉంటే త్వరపడుతుంది. మామూలు 430లో సిగ్మా గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

రెండింటికీ ముఖ్యమైన తేడా వదిలించుకోవడంలో ఉంది. ఆల్ఫా ప్రైమ్ 600 దగ్గర తేలిగ్గా కరిగిపోతుంది. సిగ్మా కరగాలంటే 900 దాటించాలి.

1000 దాటించి వాడితే ఈ రెండు జబ్బులూ రావు కదా?

రావు, కానీ మూడోది వస్తుంది. ఫెర్రిటిక్ స్టీలులో సుమారు 950 దాటాక రేణువులు (లోహం లోపలి చిన్న చిన్న స్ఫటికాలు) వేగంగా పెద్దవవుతాయి. విరిగిన చోట చూస్తే కలకండ ముక్కలా మెరుస్తాయి. మామూలు ఇనుముకి వేడి చేసి చల్లార్చితే అణువుల పేర్పు మారి రేణువులు మళ్లీ చిన్నవవుతాయి. 446 లాంటి గ్రేడులో ఆ మార్పే జరగదు కాబట్టి ఒకసారి పెరిగిన రేణువులు ఎన్నిసార్లు కాల్చినా తగ్గవు. పొర కూడా సన్నగిల్లుతుంది: 1000 పైన క్రోమియం ఆక్సైడ్ కొంత కొంతగా ఆవిరై పోతుంటుంది, గాలిలో తేమ ఉంటే మరీ ఎక్కువ.

## వాడుతున్నప్పుడు

వేడిగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. ఆపి, చల్లారాక ఊరికే తడితే విరిగింది. ఇదేం విచిత్రం?

పెళుసుతనం చలిలో బయటపడే జబ్బు. ఫెర్రిటిక్ లోహానికి ఒక గడప వేడి ఉంటుంది. దానికి పైన వంగుతుంది, కింద విరుగుతుంది. కొత్త పల్చటి షీటుకి ఆ గడప మన వాతావరణం కంటే కిందే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. 475 దగ్గర ఏళ్లు గడిపిన ముక్కకి ఆ గడప 100 డిగ్రీలు దాటి పైకి పోవచ్చు. అప్పుడు మే నెల ఎండలోనైనా సరే, దాని లెక్కలో అది చలే.

నాచారంలో ఒక హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డులో నా కళ్ల ముందే జరిగింది. థర్మోకపుల్‌కి తొడిగే 446 గొట్టం, దాదాపు మీటరు పొడవు, ఫర్నేస్ గోడలోంచి లోపలికి దూర్చి ఉండేది. కొస 900 దగ్గర. రెండేళ్లు ఏ గొడవా లేదు. మెయింటెనెన్స్‌కి ఆపిన రోజు హెల్పర్ కుర్రాడు దాన్ని బయటికి లాగి, మీద ఉన్న నల్ల పొర రాలుతుందని నేలకి అలా తట్టాడు. పుటుక్కున విరిగి సగం గొట్టం దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. కుర్రాడి మొహం పాలిపోయింది, ఓనర్ వాడి మీద లేవబోయాడు. విరిగింది ఎక్కడో చూడమన్నాను. 900 చూసిన కొసకి ఏమీ కాలేదు. ఫ్లాంజ్ (గొట్టాన్ని గోడకి బిగించే చక్రం) నుంచి జానెడు దూరంలో, సరిగ్గా ఇటుక గోడ మధ్యలో ఉండే చోట విరిగింది. లోపల 900, బయట 60 అయితే గోడ మధ్యలో ఎక్కడో ఒక చోట 475 ఉండి తీరుతుంది. రెండేళ్లు ఆ చోటు అక్కడే కూర్చుంది. గట్టిదనం కొలిస్తే ఆ జానెడు దగ్గరే ఎక్కువ, రెండు కొసల్లో తక్కువ. తప్పు కుర్రాడిది కాదు, మరీ గట్టిగా కూడా కొట్టలేదు.

నల్లపొర రాలుతోంది. ఎంతవరకు మామూలు?

పల్చగా, బూడిద నలుపులో, గోటితో గీకినా రానిది మంచి పొర. రేకులు రేకులుగా లేచి కింద కుప్ప పడుతుంటే, లేదా ఎర్రటి మచ్చలు మొలకల్లా వస్తుంటే కింద క్రోమియం అయిపోతోందని అర్థం. అక్కడి నుంచి ఇనుమే కాలుతుంది, నెలలో జరగాల్సింది వారంలో జరుగుతుంది. మందం కొలిచి రాసి పెట్టుకోండి, చూపుతో అంచనా వద్దు.

ప్లేటు మీద పసుపు, ఊదా, నీలం చారలు వచ్చాయి. చెడిపోయినట్టా?

ఆ రంగులు ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వస్తాయి, వాటంతట అవి హాని కాదు. కాకపోతే వాటిని మ్యాప్‌లా చదువుకోవచ్చు. గంట రెండు గంటల వేడికి బంగారు పసుపు 300 నుంచి 370 మధ్య, ఊదా 450 దగ్గర, నీలం 540 ప్రాంతంలో వస్తుంది. ఎక్కువ గంటలు ఉంటే తక్కువ వేడిలోనే ముదురు రంగు వస్తుంది కాబట్టి థర్మామీటర్‌లా నమ్మకూడదు. కొత్త ఓవెన్ మొదటి రోజు నడిపి, ఊదా నుంచి నీలం చార ఎక్కడ పడిందో ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి. ఏళ్ల తర్వాత ఏదైనా పగిలితే ఆ చార పరిసరాల్లోనే పగిలే అవకాశం ఎక్కువ.

రేకు మధ్యలో కుంగిపోయింది. పెళుసెక్కితే వంగకూడదు కదా?

ఇది పెళుసుతనానికి అడ్డం తిరిగిన సమస్య. 650, 700 పైన ఫెర్రిటిక్ స్టీలు తన బరువుకి తానే రోజుకి కాస్త చొప్పున సాగుతుంది. మందం పెంచితే కొంత లాభం ఉన్నా బరువు కూడా పెరుగుతుంది. మధ్యలో ఆధారం పెట్టండి, లేదా రేకుకి గాడులు వేయించండి. నయోబియం ఉన్న 441 కొంత ఊరట.

ఊక, కట్టె కాల్చే భట్టీలో రేకులు త్వరగా పోతున్నాయి. అదే గ్రేడు గ్యాస్ భట్టీలో బాగుందే?

ఊకలో, కట్టెలో పొటాషియం, క్లోరిన్ ఉంటాయి. ఆ బూడిద 500 దాటిన రేకు మీద పేరుకుంటే క్రోమియం పొరని తినేసి పొటాషియం క్రోమేట్‌గా మారుస్తుంది. పొర పోయాక ఇనుము బయటపడుతుంది. గ్రేడు పెంచడం కంటే బూడిదని తరచుగా దులపడం, రేకు వేడి తగ్గించడం ఎక్కువ పనిచేస్తాయి.

ఒక జాగ్రత్త. రేకు మీద గాని, దానికి చుట్టిన ఇన్సులేషన్ లోపలి వైపు గాని నిమ్మ పసుపు రంగు పొడి కనబడితే చేత్తో ముట్టకండి, ఎండుగా గీకకండి, ఊదకండి. అది క్యాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీ క్రోమియం కావచ్చు. సున్నం ఉన్న ఇన్సులేషన్ వేడి స్టెయిన్‌లెస్‌కి తగిలినా ఇది రావచ్చు. తడిపి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని తీయించండి, చెత్తబుట్టలో పారేయకండి.

ఫర్నేస్ ఆయిల్‌లో గంధకం ఉంటుంది. ఫెర్రిటిక్‌కి నష్టమా?

నికెల్ స్టీళ్ల కంటే తక్కువ. గంధకంతో కలిసిన నికెల్ 640 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం కడుతుంది. ఫెర్రిటిక్‌లో నికెల్ లేదు కాబట్టి ఆ బాధ లేదు.

హీటర్ కాయిల్ పాతబడితే ముట్టుకుంటేనే విరుగుతుంది. ఇదీ అదేనా?

మీ కాయిల్ కాంథల్ రకం అయితే అవును, చుట్టమే. దానిలో 22 శాతం దాకా క్రోమియం, 4 నుంచి 6 శాతం అల్యూమినియం, మిగతాది ఇనుము. అదీ ఫెర్రిటిక్కే. అల్యూమినియం ఆక్సైడ్ పొర వల్ల కొన్ని రకాలు 1400 దాకా ఆగుతాయి, కానీ ఆ వేడిలో రేణువులు తీగ మందమంత పెరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు వంచితే రేణువుల మధ్య విడిపోతుంది. నిక్రోమ్ కాయిల్‌లో ఎక్కువ భాగం నికెల్, అది పాతబడినా వంగుతుంది. తేడా తెలుసుకోవడానికి చల్లారిన తీగకి అయస్కాంతం పెట్టండి: అంటుకుంటే కాంథల్. పాత కాంథల్‌ని సర్దాల్సి వస్తే ఎర్రగా కాలాక కరెంటు ఆపి, వేడిగా ఉండగానే సర్దాలి. చల్లారాక ముట్టుకోకపోవడమే మంచిది.

కారు సైలెన్సర్ కూడా ఫెర్రిటిక్ అన్నారు. అదీ పెళుసెక్కుతుందా?

ఎక్కువ సైలెన్సర్లు 409తో చేసినవే. 11 శాతం క్రోమియం కాబట్టి పెళుసుతనం పెద్దగా రాదు. పైన గోధుమ రంగు తుప్పు కనబడటం మామూలే, అది పైపైనే. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే వాడకం దానికి అసలు శత్రువు. పైపు పూర్తిగా వేడెక్కక లోపల చేరిన ఆమ్లపు నీరు ఆరదు, వెనుక డబ్బా లోపలి నుంచి చిల్లులు పడుతుంది.

## వెల్డింగ్ దశలో

430 వెల్డ్ చేశాం. అతుకు బాగుంది, దాని పక్కనే గీత గీసినట్టు తుప్పు. రాడ్ తప్పా?

రాడ్‌ని తిట్టకండి. వెల్డ్ పక్కన లోహం 925 దాటి వేడెక్కినప్పుడు కార్బన్, నైట్రోజన్ లోహంలో కరుగుతాయి. చల్లారేటప్పుడు అవి క్రోమియాన్ని పట్టుకుని రేణువుల అంచుల్లో కూర్చుంటాయి. అంచు పక్కన క్రోమియం తరిగి తుప్పు మొదలవుతుంది. 304లో ఇలాంటి నష్టం 425 నుంచి 815 మధ్య నిలబెడితే వస్తుంది. 430లో దాదాపు తలకిందులు: 760 నుంచి 815 మధ్య కాసేపు ఉంచితే క్రోమియం తిరిగి సర్దుకుని నయమవుతుంది. 304కి అలవాటుపడిన ఫోర్‌మన్‌కి ఇది చెబితే మొదట నమ్మడు. టైటానియం లేదా నయోబియం ఉన్న 439, 441 తీసుకుంటే ఈ గొడవే చాలావరకు ఉండదు.

అతుకు పక్కన పగులు రాకుండా ఎలా వేయాలి?

తక్కువ వేడి, చిన్న రన్ (ఒక్కసారి వేసే అతుకు వరస), రన్‌కీ రన్‌కీ మధ్య 150 కిందికి చల్లారనివ్వడం. ఎక్కువసేపు మంట పెట్టేకొద్దీ రేణువులు పెరుగుతాయి. మామూలుగా 309ఎల్ ఫిల్లర్ (అతుకులో కరిగి నిండే రాడ్) వాడతారు, దాని అతుకు మెత్తగా వంగుతుంది. 3 మి.మీ. లోపు షీటుతో పని తేలిక. మందం పెరిగేకొద్దీ కష్టం.

## పగిలాక, పరీక్ష, రిపేర్

పీఎంఐ గన్‌తో చూశాం, 430 అని వచ్చింది. మరి స్టీలు మంచిదే కదా?

గన్ చెప్పేది అందులో ఏం ఉందో. ఉన్నది ఎలా సర్దుకుందో దానికి తెలియదు. పదేళ్లు 475 దగ్గర కూర్చున్న 430, నిన్న మిల్లు నుంచి వచ్చిన 430, రెండింటికీ ఒకే రీడింగ్ వస్తుంది. బియ్యం, ఉప్పు, మసాలా లెక్క చూసి బిర్యానీ మాడిందో లేదో చెప్పమన్నట్టు. మామూలు చేతి గన్ కార్బన్‌ని కూడా చూడలేదు.

ల్యాబ్ రిపోర్టులో "స్ట్రక్చర్ నార్మల్" అని రాశారు. కానీ ముక్క చేతిలో విరుగుతోంది!

ల్యాబ్ అబద్ధం చెప్పలేదు. ఆల్ఫా ప్రైమ్ గుంపులు మామూలు మైక్రోస్కోప్‌కి అందనంత చిన్నవి. సిగ్మా, పెద్ద రేణువులు అయితే కనబడతాయి. మీరు ల్యాబ్‌ని అడగాల్సింది మూడు: పగిలిన చోట, వేడి తగలని చోట గట్టిదనం పోల్చి చూపమనండి. సరిపడా మందం ఉంటే చార్పీ దెబ్బ పరీక్ష, లేకపోతే వంపు పరీక్ష. చివరగా ఒక చిన్న ముక్కని 600 దగ్గర అరగంట ఉంచి, నీళ్లలో చల్లార్చి మళ్లీ గట్టిదనం కొలవమనండి. అంకె పాత స్థాయికి దిగితే జబ్బు 475దేనని తేలినట్టు. ఖర్చు తక్కువ, జవాబు సూటిగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులని పరీక్షించి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులున్నాయి, ఈ పరీక్షలకి అవి చాలు. 1973లో కంచన్‌బాగ్‌లో పెట్టిన మిధాని (ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) ఉన్న ఊరు మనది, ఒక ముక్క విరిగిందని బెంగళూరు, చెన్నై పరుగెత్తనక్కర్లేదు.

పెళుసెక్కినదాన్ని మళ్లీ మంచిగా చేయొచ్చా? స్క్రాపేనా?

పగుళ్లు ఇంకా పడకపోతే చేయొచ్చు. 475 జబ్బుకి 600 దగ్గర కాసేపు ఉంచి, త్వరగా చల్లార్చడం మందు. 430ని 760 నుంచి 815 మధ్య మెత్తబరిస్తే అదీ పోతుంది, వెల్డ్ పక్కన నష్టమూ సర్దుకుంటుంది. అంతకంటే పైకి, 900 వైపు తీసుకెళ్లొద్దు: 430లో కొంత భాగం పేర్పు మార్చుకుని, చల్లారాక గట్టి మార్టెన్‌సైట్‌గా మిగులుతుంది. సిగ్మా ఉంటే 900 దాటించక తప్పదు, ఆ మందుతో రేణువులు పెరిగే ప్రమాదం ఉంది. పెరిగిన రేణువులకి, పడిన పగులుకి మందు లేదు, అది తక్కెడకే.

బాగయిన భాగాన్ని తిరిగి అదే చోట బిగిస్తే గంటల లెక్క కూడా తిరిగి మొదలవుతుంది. అదీ ఓనర్‌కి ముందే చెప్పండి, లేకపోతే రెండేళ్ల తర్వాత మీ మీదికే వస్తాడు.

వేడి చేశాక ఫర్నేస్‌లోనే మెల్లగా చల్లారనిస్తే మంచిది కదా?

446కి అది మంచి చేయబోయి చెడు చేయడమే. మెల్లగా దిగుతూ 550 నుంచి 400 మధ్య గంటల కొద్దీ గడిపితే తీసేసిన జబ్బు అక్కడే మళ్లీ అంటుకుంటుంది. బయటికి తీసి ఫ్యాన్ గాలి, పల్చటిదైతే నీళ్లు. 430కి ఒక్కసారి మెల్లగా చల్లారితే పెద్ద నష్టం లేదు, అయినా గాలిలో చల్లార్చడమే అలవాటు చేసుకోండి.

మాది డ్యూప్లెక్స్ స్టీలు. మాకు ఈ బాధ లేదనుకోవచ్చా?

అనుకోవద్దు. డ్యూప్లెక్స్‌లో దాదాపు సగం ఫెర్రైటే (ఫెర్రిటిక్ పేర్పు), ఆ సగం పెళుసెక్కుతుంది. అందుకే 2205 లాంటి గ్రేడులని ప్రెషర్ వెసెల్స్‌లో సుమారు 315 డిగ్రీలు దాటి వాడరు.

పాత ప్యానెల్ వంగింది. సుత్తితో సరిచేయొచ్చా?

చల్లగా ఉన్నప్పుడు వద్దు, డిసెంబరు పొద్దున అసలే వద్దు. ముందు ఆ భాగాన్ని 600 దాటించి చల్లార్చి, తర్వాత ఇంకా 150, 200 వేడి ఉండగా మెల్లగా నొక్కి సరిచేయండి, కొట్టకండి. అంతా వేడి చేసే వీలు లేకపోతే వంగిన ముక్క వరకు కోసి కొత్తది అతకండి, అతుకు మాత్రం ఊదా, నీలం చారలకి దూరంగా పడేలా చూసుకోండి. కోసిన ముక్కని పారేయకుండా అంచు ఒకటి వైస్‌లో బిగించి వంచి చూడండి. వంగిందో, విరిగిందో చూస్తే పక్క ప్యానెల్‌కి ఇంకా ఎంత ఆయుష్షు ఉందో మీకే ఒక అంచనా వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని చేయండి, ముక్క ఎగురుతుంది.